చాట అంచుకు నాలుగు వేళ్ల పైన

జూనియర్ డాక్టర్ల కోసం వేసే సంచికలో నా అనుభవం ఒకటి రాయమన్నారు. స్ఫూర్తి కలిగించేలా ఉండాలని కూడా అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా కరీంనగర్‌లో కిడ్నీలూ మూత్రాశయాలూ కోసి బతికినవాడి దగ్గర స్ఫూర్తి ఎంత మిగులుతుందో అడిగినవాళ్లకు తెలిసినట్టు లేదు. నా దగ్గర ఉన్నది ఒక తప్పు. శుభ్రంగా పూర్తయి, చప్పట్లు కూడా అందుకున్న తప్పు. దాన్నే రాస్తున్నాను. స్ఫూర్తి కావలసినవాళ్లు పేజీ తిప్పండి, అక్కడ మా ఆసుపత్రి ప్రకటన ఉంటుంది.

ముందు నా గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తప్పులో మా వంశానికీ వాటా ఉంది. ఖానాపూర్ వైపు ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఇప్పటికీ రెండు గోడలున్నాయి, వాటి నీడన ఎవరివో బర్రెలు కట్టేస్తారు. భూములు సగం చట్టం కింద పోతే, మిగతా సగం మా తాతకు కోర్టుల మీదున్న మక్కువ కింద పోయాయి. మా నాన్నకు దక్కినవి మడత నలగని ధోవతి, నిటారుగా నిలిచే వెన్నెముక. నేను ప్యాంటు వేసుకున్నాను కనుక నాకు వెన్నెముక ఒక్కటే వచ్చింది. మా తాత ముందర ఊళ్లో ఎవరూ కూర్చునేవారు కాదట. మా నాన్న దాన్ని మర్యాద అనేవాడు. నేను ఆసుపత్రికి వచ్చాక దానికి రౌండ్స్ అని పేరు పెట్టుకున్నాను.

నా గదిలో రోగుల కోసం ఒక కుర్చీ ఉండేది. దాని మీద ఫైళ్లు ఉండేవి. రోగి నిలబడి బాధ చెప్పుకోవాలి, బల్ల మీద పడుకుని పరీక్ష చేయించుకోవాలి. ఇది అమర్యాద అని నాకెప్పుడూ తోచలేదు, పైగా పని త్వరగా అవుతుందని గర్వంగా ఉండేది.

నా రిటైర్‌మెంటు ఇంకా రెండేళ్లుందనగా మా ఆసుపత్రికి రోబో వచ్చింది. రైస్ మిల్లు నుంచి వైద్యరంగంలోకి ఎదిగిన మా మేనేజింగ్ డైరెక్టరు దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ వేయించాడు. నాలుగు చేతులకూ కుంకుమ బొట్లు పెట్టించాడు. క్రిములు చేరకుండా చూడవలసిన చేతులకు బొట్లు పెడుతుంటే కంపెనీ ఇంజనీరు ముఖంలో రక్తం లేదు. కొబ్బరికాయ మాత్రం బయట వరండాలో కొట్టాలని మా థియేటర్ సిస్టర్ పట్టుబట్టింది. ఆ రోజు బుద్ధి ఉన్న మాట అదొక్కటే.

ఆ యంత్రంతో చేసే సర్జన్ రోగి పక్కన నిలబడడు. గదిలో ఒక మూలన పెట్టె లాంటి దాని ముందు కూర్చుని, తల అందులో దూర్చి, లోపల కనబడే బొమ్మ చూస్తూ వేళ్లు కదిలిస్తాడు. అక్కడ రోగి పొట్టలోకి చిన్న రంధ్రాల గుండా దూరిన రోబో చేతులు ఆ కదలికలను పాటిస్తాయి. నేర్పడానికి హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒక యువ డాక్టరు వచ్చాడు. నా కొడుకంత ఉంటాడు. "ఇంకొంచెం వంచండి సర్, తల ఇంకొంచెం" అని రోజుకు ఇరవై సార్లు అనేవాడు. మూడు నెలల పాటు తెర మీద రబ్బరు రింగులు తీసి పుల్లలకు తొడిగాను. మా వంశ చరిత్రలో మరొకరు చెప్తే తల వంచిన మొదటివాణ్ని నేనే అయ్యుంటాను.

వెటకారం కాసేపు ఆపి ఒక నిజం చెప్తాను. అది మంచి యంత్రం. ముప్పై ఏళ్లుగా వేలితో తడుముకుంటూ చేసిన చోట్లు దానితో పట్టపగల్లా కనబడ్డాయి. రక్తం తక్కువ పోతుంది, కోత చిన్నది, రోగి త్వరగా లేస్తాడు. నేను దానిలో ప్రవీణుణ్నయ్యాను. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

ఒకనాడు ఓపీలోకి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మా గడి ఊరికి పక్క ఊరు. చిన్నప్పటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది. ఆరు నెలలుగా నొప్పి లేకుండా మూత్రంలో నెత్తురు పడుతోంది. ఒంట్లో వేడి అని ఊరి డాక్టరు ఇచ్చిన మందులు ఆరు నెలలూ మింగింది. స్కానింగ్ చేసి, గొట్టం వేసి చూసి, ముక్క తీసి పంపాం. క్యాన్సర్. మూత్రాశయం గోడ కండలోకి దిగింది. మూత్రపు సంచి మొత్తం తీసేయాలి.

తీసేశాక మూత్రానికి దారి కావాలి కదా. చిన్న పేగులోంచి జానెడు ముక్క తీసి, కిడ్నీల నుంచి వచ్చే గొట్టాలు దానికి కలిపి, దాని మూతిని పొట్ట మీద బయటికి తెస్తాం. ఎర్రగా చిన్న మొగ్గలా ఉంటుంది. దాని చుట్టూ చర్మానికి అంటేలా ఒక ప్లాస్టిక్ సంచి పెడతాం. జీవితాంతం ఆ సంచితోనే ఉండాలి. ఇదంతా నేను నా శైలిలో, అంటే గోడ మీద బొమ్మను చూస్తూ, చెప్పాను. ఆమె నిలబడి విన్నది. బతుకుతానా అని అడగలేదు. ఒక్కటే అడిగింది.

"చాట ఒళ్లె వెట్టుకొని కూసోవచ్చునా దొరా?"

అన్ని పనులూ చేసుకోవచ్చన్నాను. అన్ని అంటే ఏమేమిటో అడగలేదు. తంబాకు దుమ్ము మంచిది కాదు, ఆ పనే మానేయమని సలహా కూడా ఇచ్చాను. ఆమె నవ్వి, మానేస్తే మీ దవాఖానలో కొలువిస్తారా అంది. వెళ్లబోతూ నేను ఫలానా గడి దొరవారి మనుమణ్నే కదా అని అడిగి, రెండు చేతులూ జోడించింది. వాళ్ల అవ్వ మా గడిలో వడ్లు దంచేదట. ఆ రోజు సాయంత్రం దాకా నా నడక ఇంకాస్త నిటారుగా ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇక సిస్టర్ గురించి. తాతల కాలం నుంచి మెథడిస్టు మిషన్ చర్చి కుటుంబం. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆసుపత్రి కొలువులో ఉన్నారు. మా థియేటర్ నడిపేది ఆమే, పేరుకు మేము నడిపేవాళ్లం. పొట్ట మీద ఆ మూతి ఎక్కడ రావాలో ఆపరేషన్‌కు ముందే గుర్తు పెట్టడం ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చింది. మనిషి నిలబడితే, వంగితే, కూర్చుంటే పొట్ట ఎక్కడ మడత పడుతుందో, బట్ట ఎక్కడ కడతారో చూసి గుర్తు పెట్టాలి. మడతలో పడితే సంచి అంటదు.

ఆపరేషన్‌కు ముందు రోజు సిస్టర్ ఆమెను ఇంటి నుంచి చాట తెప్పించుకోమంది. వార్డులో నేల మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఆమె కాళ్లు చాపి, చాట ఒళ్లో పెట్టుకుని, ముందుకు వంగి, ఉత్త తునికాకులు పదో పదిహేనో చుట్టింది. చాట అంచు పొట్టకు ఎక్కడ ఒరుసుకుంటుందో సిస్టర్ వేలు పెట్టి చూసింది. బొడ్డు పక్కన, కొంచెం కిందుగా. ఆ అంచుకు నాలుగు వేళ్ల పైన, కుడివైపు, మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టింది.

సాయంత్రం రౌండ్స్‌లో ఆ గుర్తు చూశాను. పుస్తకంలో చెప్పిన చోటికి చాలా పైన ఉంది. మంచం మీద పడుకున్న పొట్ట మీద అది నాకు పిల్లలు గోడ మీద గీసిన గీతలా కనబడింది. ఇది ఎవరి చిత్రకళ అని అడిగాను. సిస్టర్ చాట సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ల అనుభవం ముందు చాట సాక్ష్యం ఏమిటన్నాను. యువ డాక్టరు నవ్వాడు. అతను నవ్వకపోయి ఉంటే నేను అంతటితో ఆగేవాణ్నేమో, చెప్పలేను.

"ఒక్కసారి కింద కూసోబెట్టి చూడుండ్రి సార్" అంది సిస్టర్.

రోగి మంచం దిగి నిలబడింది కాని కూర్చోలేదు. "దొర ముంగట ఎట్ల కూసుంట సిస్టరమ్మా. మా అవ్వ గూడ కూసోలే."

"గిది గడి కాదక్కా, దవాఖాన. కూసో."

ఆమె నా ముఖం చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు. నేను అనలేదు. పెద్దామెను ఎందుకు ఇబ్బంది పెడతారు సిస్టర్ అని దయ చూపించాను. ఆ దయ ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆమెను మళ్లీ పడుకోబెట్టి, పాత గుర్తును స్పిరిట్ దూదితో తుడిచి, పుస్తకం చెప్పిన చోట, బొడ్డుకు కింద, కొత్త గుర్తు పెట్టాను. సిస్టర్ కేసు షీటు తెచ్చి, గుర్తు నేను మార్చినట్టు రాసి సంతకం చేయమంది. పెద్ద అక్షరాలతో చేశాను.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. అంత అందమైన ఆపరేషన్ నా జీవితంలో అంతకు ముందు చేయలేదు, తరువాత కూడా చేయలేదు. ఒక్క సీసా రక్తం ఎక్కించలేదు. పేగు మూతి నేను గీసిన ఇంటూ మీద మిల్లీమీటరు తేడా లేకుండా మొగ్గలా నిలిచింది. పెట్టెలోంచి తల బయటికి తీస్తే అందరూ చప్పట్లు కొట్టారు. సిస్టర్ కూడా కొట్టింది, కాని ఆమె చేతులకు గ్లవ్స్ ఉండడం వల్ల చప్పుడు రాలేదు.

తీసేసిన భాగాన్ని పరీక్షిస్తే క్యాన్సర్ మొత్తం బయటికి వచ్చేసినట్టు తేలింది. గ్రంథులకు పాకలేదు. ఆమె రెండో రోజు నడిచింది, పదో రోజు ఇంటికి వెళ్లింది. మేనేజింగ్ డైరెక్టరు నాకు శాలువా కప్పాడు. నేను చేతులు కట్టుకుని రోబో పక్కన నిలబడిన ఫొటో బస్టాండు దగ్గర పెద్ద బోర్డు మీదికెక్కింది. దానిలో రోబో నాకంటే సహజంగా ఉంది. ఆ పది రోజులూ ఆమె పడుకుంది, నిలబడింది, నడిచింది, మంచం అంచున కాళ్లు వేలాడేసింది. నేల మీద కూర్చోలేదు. దవాఖానలో ఎవరు కూర్చుంటారు?

ఆరు వారాల తరువాత ఓపీ నిండుగా ఉన్న రోజు ఆమె తన చెల్లెలితో వచ్చింది. మనిషి కంటే ముందు వాసన వచ్చింది. చీర కింద తువ్వాలు చుట్టుకుని ఉంది. విప్పితే సంచి ఒక అంచున ఊడి ఉంది. మూతి చుట్టూ అరచేయంత మేర చర్మం పచ్చిపుండు. కూర్చుని చాట పెట్టుకోగానే అంచు సంచి కింద దూరి ఎత్తేస్తుందని, రోజుకు రెండు సంచులు మార్చినా నిలవడం లేదని చెల్లెలు చెప్పింది. మంచం మీద కూర్చుని చేయబోతే నడుము పట్టేసింది, చాట పక్కన పెడితే చేయి సాగలేదు. నలుగురిలో కూర్చుని బీడీలు చేసే అరుగు మీదికి వెళ్లడం మానేసిందట. పక్కవాళ్లు ఏమీ అనకపోయినా జరిగి కూర్చుంటున్నారని.

అదే సమయానికి మేనేజింగ్ డైరెక్టరు ఎవరో అతిథికి ఆసుపత్రి చూపిస్తూ మా గదిలోకి వచ్చాడు. బోర్డు మీది కేసు ఈమేనని గర్వంగా పరిచయం చేసి, రోబో ఎట్లా చేసిందో చెప్పమ్మా అన్నాడు.

ఆమె నా వైపే చూస్తూ చెప్పింది. "మిషన్ మంచిగనే జేసింది సారూ. మీరే నన్ను కూసోబెట్టి చూడలే. సిస్టరమ్మ కూసోమన్నది గని మీరనలే. మీరంటె కూసుంటుంటి."

అప్పటి దాకా దొరా అన్న మనిషి నన్ను సారూ అనడం అదే మొదలు. అతిథి కిటికీ వైపు చూశాడు. సిస్టర్ దూదీ మందూ తెచ్చి పుండు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. నేను చెప్పలేదా అని అనలేదు. ఆ రోజే కాదు, తరువాత కూడా ఎప్పుడూ అనలేదు. ఇరవై ఏళ్ల పరిచయంలో నన్ను ఆమె దండించింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం మీటింగు జరిగింది. కారణం ఏమని రాయాలన్నది విషయం. రోగి వృత్తి వల్ల అని రాస్తే సరిపోతుందని యువ డాక్టరు సూచించాడు. శరీర నిర్మాణం వల్ల అన్నది ఇంకా మర్యాదగా ఉంటుందని మరొకరన్నారు. మేనేజింగ్ డైరెక్టరు నా భుజం మీద చేయి వేసి, "అన్నా, గిప్పుడిప్పుడే మిషన్‌కు పేరొస్తున్నది. జర సోంచాయించుండ్రి" అని, ఆలోచించి రాయమన్నాడు.

మా ఇంట్లో ఆస్తులు పోగొట్టుకున్నారు గాని చేసిన పని మరొకరి నెత్తిన రుద్దలేదని మా నాన్న చెప్పేవాడు. తరువాత నేను చదివిన కోర్టు కాగితాల ప్రకారం మా తాత అంతా గుమాస్తాల నెత్తిన రుద్దాడు. కాబట్టి ఆ సంప్రదాయం ఏదో నాతోనే మొదలు పెట్టవలసి వచ్చింది. గుర్తును సర్జన్ మార్చాడు, రోగిని కూర్చోబెట్టి చూడలేదు, తప్పు సర్జన్‌ది అని రాసి, అంతకు ముందంత పెద్ద అక్షరాలతోనే సంతకం చేశాను. ధైర్యం అనుకోకండి. నా సంతకం అప్పటికే పై పేజీలో ఉంది, సిస్టర్ చేయించింది.

రాయడం సులువు. ఆమెకు చెప్పడం వేరు. మూతిని అక్కడి నుంచి తీసి పైకి మార్చాలంటే మళ్లీ పొట్ట తెరవాలి. ఆ పేగు ముక్కకు రక్తం అందించే సన్నని నాళాలు లాగితే తెగవచ్చు, ముక్క నల్లబడవచ్చు. అప్పుడు ఉన్న దారి కూడా పోతుంది. ఇదంతా చెప్పి రెండో ఆపరేషన్‌కు ఒప్పించాలి, మొదటిది చెడగొట్టినవాడే. పుండు మానే దాకా ఆమెను వార్డులో చేర్చుకోవడంతో మూడు వారాలు గడువు దొరికింది. మూడో వారం ఆమె మంచం దగ్గర నిలబడి, పొరపాటు జరిగింది అని మొదలుపెట్టాను.

సిస్టర్ పట్టీ విప్పుతూనే అడిగింది. "ఎవరితోని జరిగింది సార్?"

"నాతోని" అన్నాను. యాభై తొమ్మిదేళ్లు వచ్చాక మా ఊరి భాష నోట్లోంచి మొదటిసారి దానంతటది వచ్చింది.

మళ్లీ ఆపరేషన్ అంటే భయం లేదా అని రోగిని అడిగితే ఉందంది. క్యాన్సర్‌కు భయపడలేదు గాని అరుగు మీద ఒక్కతే మిగిలిపోవడానికి భయపడిందట. చివరికి షరతు పెట్టింది. "గుర్తు సిస్టరమ్మ వెట్టాలె. మీరు చెరపద్దు."

రెండో ఆపరేషన్‌కు రోబో అక్కరలేదు. అది గుడ్డ కప్పుకుని మూలన నిలబడి ఉంటే, నేను పాత పద్ధతిలో బల్ల పక్కన నిలబడి చేశాను. రెండున్నర గంటలు. కోతకు ముందు యువ డాక్టరు గుర్తును కొలిచి చూడబోతే వద్దన్నాను. తరువాత మూడు రోజులు మూతి రంగు కోసం కాపలా. ఎర్రగా ఉంటే రక్తం అందుతున్నట్టు, నల్లబడితే అంతా ముగిసినట్టు. రోజుకు ఆరుసార్లు వెళ్లి చూసేవాణ్ని. రెండో రోజు మధ్యాహ్నం కొంచెం ముదురుగా కనబడింది. సిస్టర్ కిటికీ తెర జరిపింది. వెలుతురులో ఎర్రగానే ఉంది. మీలో ఎవరైనా రోబో నేర్చుకుంటుంటే, ఆ తెర జరిపే పని కూడా దానికి నేర్పుతారేమో కంపెనీని అడగండి.

మిగిలింది ఒక్కటే. సంచి నిలుస్తుందా లేదా అన్నది దవాఖాన మంచం మీద తేలదు. నెల తరువాత ఆమె చూపించుకోవడానికి వచ్చింది. చాటా, తడిపి కత్తిరించిన ఆకులూ, దారమూ, చిన్న మూటలో తంబాకూ తెచ్చింది. తంబాకు లోపలికి రాదని గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే, డాక్టరు సారే తెమ్మన్నాడని అబద్ధం చెప్పి వచ్చింది. నా గదిలోకి వచ్చి, ఎవరినీ అడగకుండా నేల మీద కూర్చుని, కాళ్లు చాపి, చాట ఒళ్లోకి లాక్కుని పని మొదలుపెట్టింది.

నేను నిలబడి చూశాను. నాకు చాటా, ఆమె నడినెత్తీ కనబడ్డాయి. పొట్ట కనబడలేదు.

"జర కిందికి రాండ్రి సారూ. పైకెల్లి ఏం కనవడ్తది."

కూర్చున్నాను. మోకాళ్లు రెండూ వేర్వేరుగా అభ్యంతరం చెప్పాయి. నేల మీద నుంచి చూస్తే చాట అంచు ఎక్కడ ఒరుసుకుంటుందో, దానికి నాలుగు వేళ్ల పైన సంచి ఎలా తాకకుండా ఉందో ఎంతో స్పష్టంగా ఉంది. దానికి ముప్పై ఏళ్ల అనుభవం అక్కరలేదు, నేల ఉంటే చాలు. సిస్టర్ రెండో పక్కన కూర్చుని సంచి అంచు చుట్టూ పలుచని కాగితం ముక్కలు పెట్టింది, తడి తగిలితే తెలుస్తుందని. కనీసం గంట సేపు చూడాలంది.

బయట రోగులు తలుపు కొడుతూనే ఉన్నారు. ఆమె మాట్లాడుతూనే ఉంది. అరుగు మీద ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదో, నిర్మల్‌లో ఎవరింట్లో పెండ్లి ఆగిపోయిందో, సిస్టర్ అన్నిటికీ ఊకొడుతోంది. ఆకు, తంబాకు, చుట్టు, మడత, దారం. ముందుకు వంగుతోంది, లేస్తోంది, మళ్లీ వంగుతోంది. నేను ఆ కాగితం ముక్కల మీద నుంచి కళ్లు తీయలేదు. సంచి సగం నిండింది. ఇరవై అయిదు బీడీల కట్ట ఒకటి పూర్తయి రెండోది సగానికి వచ్చింది.

సిస్టర్ కాగితాలు ఒక్కొక్కటే తీసి చూసి నా చేతికిచ్చింది. అన్నీ పొడిగా ఉన్నాయి. నేను వాటిని మళ్లీ ఒకసారి తడిమి చూశాను. నమ్మకం కుదరక మూడోసారి కూడా చూశాను.

ఆమె చాట పక్కకు జరిపి, ఒళ్లో రాలిన ఆకు ముక్కలు దులుపుకుని లేచి నిలబడింది. నేనింకా నేల మీదే ఉన్నాను.

"ఇగ లేవుండ్రి సారూ" అంది. "నాకు ఖానాపూర్ బస్సున్నది."